అమెరికా ఆఫీసు మూసేస్తే మన గ్రూపు లోన్ మాఫీ అవ్వదమ్మా!

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్ వైపు మహిళా గ్రూపుల పని చూస్తాను. 2025 జులైలో యూఎస్ఎయిడ్ (బయటి దేశాలకి సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) మూతపడిన కాడ్నుంచి ఏ మీటింగుకెళ్ళినా ఒకటే మాట, "మేడమ్, ఫారినోళ్ళు ఆఫీసు ఎత్తేశారంట కదా, ఇంక లోన్ కట్టక్కర్లేదంట కదా" అని. ఎవరన్నారమ్మా అంటే వాట్సాప్‌లో వచ్చిందంటారు, లేదంటే మా మరిది చెప్పాడంటారు.

అపోహ: గ్రూపు లోన్ ఫారిన్ డబ్బు, తీర్చక్కర్లేదు.

వాస్తవం: అది బ్యాంకు డబ్బు. డిపాజిట్లలోంచి ఇచ్చింది, అందులో మీ పొదుపూ ఉంది. పుకారుకి మూలం లేకపోలేదు, 2011లో ఎన్‌ఆర్‌ఎల్‌ఎం (మన గ్రూపుల్ని నడిపించే కేంద్ర ప్రభుత్వ పథకం) కోసం ప్రపంచ బ్యాంకు 100 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, కానీ అది భారత ప్రభుత్వానికిచ్చిన అప్పు, తీర్చేదీ ప్రభుత్వమే. మీరు సంతకం పెట్టిన లోన్ వేరు, అది మీ గ్రూపే కట్టాలి.

ఒక గ్రూపులో సగం మంది ఈ మాట నమ్మి కిస్తీలు ఆపేశారు. 90 రోజులు దాటింది, అకౌంట్ ఎన్‌పీఏలో, అంటే మొండి బాకీల్లో పడింది, వడ్డీ రాయితీ పోయింది (అది టైంకి కట్టినోళ్ళకే మరి), కొత్త లోన్ అప్లికేషన్ పక్కన పడేశారు. అందులో జీడిపిక్కలు కొని అమ్ముకునే ఒకామె ఉంది, ఒక్క కిస్తీ తప్పలేదు, కొంగున ముడేసి తెచ్చిన నోట్లు నా ముందే లెక్కపెట్టి ప్రెసిడెంట్ చేతిలో పెట్టేది. అయినా సీజనుకి ఆవిడకీ లోన్ రాలేదు, ఎందుకంటే బ్యాంకుకి బాకీ గ్రూపుది, మనిషిది కాదు. ఐదు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంది. మెసేజ్ పంపినోడు మాత్రం హాయిగా ఉన్నాడు.

నిజంగా కట్టలేకపోతే భయపడకండి, పంట పోతది, ఇంట్లో జబ్బు చేస్తది, అందరికీ ఉండేదే. 90 రోజులు అవ్వకముందే తీర్మానం రాసి, బుక్కు పట్టుకుని మేనేజర్ దగ్గరకెళ్ళి గడువు పెంచమని అడగండి, చేతిలో ఉన్నంత పాత కిస్తీకి కట్టండి. ఒడియా రాదని ఇంట్లో కూర్చోకండి, తెలిసిన మనిషిని తోడు తీసుకెళ్ళండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బు ఫారిన్‌ది కాదు, ఒడిశా ప్రభుత్వానిది, ఏడాదికి 10,000, తిరిగి కట్టక్కర్లేదు. "ఫారిన్ ఫండ్ వచ్చింది, ఫారం ఫీజు కట్టండి" అన్నోడు దొంగ, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద సంస్థలకొచ్చే డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే పడాలి. ఇక ఆడవాళ్ళ సమానత్వం పేరుతో వచ్చే ఎయిడ్ అంతా నగదుగా పంచేది కాదు. దాతల దేశాలు ప్రతి ప్రాజెక్టుకీ 0, 1, 2 అని గుర్తులేస్తాయి, సమానత్వమే అసలు లక్ష్యమైతే 2, పనిలో పనిగా అయితే 1. మంచినీళ్ళ పథకానికి కూడా 1 రావచ్చు.

ట్రైనింగులకెళ్ళి ఆడాళ్ళు మొగుళ్ళకి ఎదురు తిరుగుతున్నారనే వాళ్ళకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు, పెళ్ళాం పేరున తెచ్చిన లోన్ ఎవరు ఖర్చుపెట్టారో ముందు వాళ్ళని చెప్పమనండి.