చేతి తిమ్మిరికి నిచ్చెన లెక్క

పాతపట్నం నుంచి రోజూ సైకిల్ మీద పర్లాకిమిడి వచ్చే ఒక మాస్టారు మొన్న నన్ను ఆపి అడిగారు: "బడికి చేరేసరికి కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోతున్నాయండీ. సుద్దముక్క జారిపోతోంది. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని మణికట్టుకి నల్లదారం కట్టారు. అసలు ఇదేమిటంటారు?"

ఆ రెండు వేళ్ల పేర్లు చెప్పడంతోనే సగం జవాబు దొరికింది. మోచేతికి దెబ్బ తగిలితే జివ్వుమని చిటికెన వేలి దాకా పాకుతుందే, ఆ నరమే ఇది. పేరు అల్నార్. అరచేతి మొదట్లో, చిటికెన వేలి వైపు తడిమి చూడండి, బఠాణీ గింజంత ఎముక తగులుతుంది. దాని పక్కనున్న సన్నటి సందులోంచే ఈ నరం చేతిలోకి దిగుతుంది. అక్కడ పైనున్న కండ చాలా పల్చన. హ్యాండిల్ పిడి సరిగ్గా అక్కడే ఒత్తుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మాత్రం నరం వేరు, అది మీడియన్. ఏ నరమైనా, సైకిల్ దిగిన చాలాసేపటికి కూడా తిమ్మిరి వదలకపోయినా, వేళ్లలో పట్టు తగ్గినా డాక్టరుకి చూపించుకోవాలి. దారం కట్టుకుని ఊరుకోకండి.

మరి అరచేతి మీద అంత బరువెందుకు పడుతుంది? గోడకి ఆనించిన నిచ్చెనను తలచుకోండి. దాదాపు నిలువుగా ఉంటే గోడకి పెద్ద శ్రమ లేదు. నిచ్చెన కాలు వెనక్కి జరిపేకొద్దీ గోడ మీద తోపు పెరుగుతుంది. సైకిల్ మీద సీటుకి ఆనిన నడుం నిచ్చెన కాలు, వీపు నిచ్చెన, హ్యాండిల్ పట్టుకున్న చేతులు గోడ.

గోడ నున్నగా ఉందనుకుంటే లెక్క సులువు. నిచ్చెన బరువులో సగాన్ని, నిలువు నుంచి వాలిన కోణం టాంజెంటుతో గుణించాలి. వాలు 15 డిగ్రీలైతే తోపు బరువులో 13 శాతం. 30 డిగ్రీలకు 29. 45 డిగ్రీలకు 50. వాలు మూడింతలైతే తోపు నాలుగింతలకి దగ్గరవుతుంది! తల, మొండెం, చేతులు కలిపితే మనిషి బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. అంటే 60 కిలోల మాస్టారు 40 కిలోల నిచ్చెనను మోస్తున్నారు, అందులో తల అనే బిందె పైమెట్టు మీదే ఉంది.

ఈ నిచ్చెనకి వెనక నుంచి తాడు కూడా ఉంది, నడుం కండరాలు. అవి లాగి పట్టినంతసేపు చేతులకి హాయి. అవి అలిసిపోతే నడుం నొప్పి, చేతి తిమ్మిరి జంటగా వస్తాయి. గట్టిగా తొక్కేవాళ్లని పెడల్ కూడా పైకి తోస్తుంది కాబట్టి చేతుల భారం తగ్గుతుంది. పందెం సైకిళ్ల హ్యాండిల్ అంత కిందికున్నా చెల్లేది అందుకే. సంచీ తగిలించుకుని తాపీగా బడికెళ్లే మనిషికి ఆ వంపు పనికిరాదు.

ఈ లెక్క పిల్లల ఫిజిక్స్ పుస్తకంలోనూ ఉంటుంది. 'బలభ్రామకం' అనే మాటతో మొదలవగానే పిల్లలు బెదిరిపోతారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఇక్కడైనా 'తిప్పే బలం' అని చెప్పి, పిల్లల్ని సైకిల్ స్టాండు దగ్గరికి తీసుకెళ్తే ఎంత బాగుంటుంది!

మాస్టారిది రాడ్ బ్రేకుల నల్ల సైకిల్. హ్యాండిల్ పైకి లేపితే వీపు వాలు తగ్గుతుంది కదా, అందుకని ఇద్దరం మెకానిక్ దగ్గరికి వెళ్లాం. హ్యాండిల్‌ని మోసే నిలువు కడ్డీ సైకిల్ ముందు గొట్టంలోకి దిగి ఉంటుంది. హ్యాండిల్ నడిమధ్య కనిపించే బోల్టు ఆ కడ్డీ లోపలినుంచి దాని అడుగుదాకా వెళ్తుంది. అక్కడ ఏటవాలుగా కోసిన ఇనుపముక్క ఉంటుంది. బోల్టు బిగిస్తే ఆ ముక్క పైకి వస్తూ పక్కకి జరిగి, గొట్టం గోడని గట్టిగా ఒత్తుతుంది. అందుకే బోల్టు వదులైనా హ్యాండిల్ ఊడిరాదు. మెకానిక్ నాలుగైదు చుట్లు వదిలి, బోల్టు తల మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. టక్కున ముక్క కిందికి జారింది. హ్యాండిల్ అంగుళం లేచింది. ఇన్నాళ్లూ లోపలున్న ఆ అంగుళం కడ్డీ కొత్తదానిలా మెరిసింది.

ఎంతవరకు లేపొచ్చు? కడ్డీ మీద గీత ఉంటే అది బయటపడకూడదు. గీత లేకపోతే కడ్డీ వ్యాసానికి కనీసం రెండున్నర రెట్లు లోపల ఉండాలి. 22.2 మిల్లీమీటర్ల కడ్డీ అయితే దాదాపు 56 మిల్లీమీటర్లు.

రాడ్ బ్రేకు రిమ్మును కిందినుంచి పైకి లాగి పట్టుకుంటుంది. హ్యాండిల్‌తో పాటు బ్రేకు కడ్డీ కూడా లేచి, ముందు చక్రం బిగుసుకుపోయింది. కడ్డీల నట్లు వదిలి సర్దాక చక్రం తిరిగింది. చివర్లో మెకానిక్ ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ మెలితిప్పి చూశాడు. కదల్లేదు.

వారం తర్వాత మాస్టారు కనిపించారు. తిమ్మిరి బాగా తగ్గిందట, కానీ పూర్తిగా పోలేదు. సైకిల్ చూస్తే సీటు ముక్కు కిందికి వాలి ఉంది. నిచ్చెన కాలు ముందుకి జారుతోందన్నమాట! జారకుండా ఆపుతున్నది మళ్లీ ఆ చేతులే. సీటు కింది నట్టు వదిలి, ముక్కు లేపి, సమంగా బిగించాం.