నూట ఇరవై ఒక్కసారి ఓడిన మా టీమ్

షికాగో
6 అక్టోబర్ 2024

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి,

చిన్నతాత ఆశీస్సులు. దసరా సెలవులు ఇచ్చారని, చిన్నూ పొద్దస్తమానం బ్యాటు పట్టుకుని వీధిలోనే ఉంటున్నాడని మా వదిన ఫోన్లో చెప్పింది. ఆడుకోనివ్వమన్నాను. ఇక్కడ మేం అప్పుడే స్వెట్టర్లు బయటికి తీశాం.

మొన్న వీడియో కాల్‌లో చిన్నూ నన్నొక ప్రశ్న అడిగాడు, గుర్తుందా? "ఎప్పుడూ ఓడిపోయే టీమ్‌ని ఎందుకు చూస్తావు తాతా, గెలిచే టీమ్‌కి మారిపోవచ్చుగా?" అని. వెనకనుంచి బుజ్జి కిసుక్కున నవ్వింది. నేను మాట మార్చి, గోంగూర పచ్చడి అందిందని చెప్పేశాను. నిజానికి నాకు జవాబు తోచలేదు. వారం నుంచి ఆలోచిస్తున్నాను. ఫోన్లో చెప్తే సగంలో లేచి పోతారు, అందుకని రాస్తున్నాను.

మీకు క్రికెట్ తెలుసు కాబట్టి బేస్‌బాల్ గురించి రెండు ముక్కలు చాలు. ఒకటి, ఇక్కడ బంతి నేల తాకదు. అన్నీ ఫుల్‌టాస్‌లే. అయినా పదిసార్లు బ్యాటింగ్‌కి దిగి ఏడుసార్లు ఔటయినవాణ్ణి గొప్ప బ్యాటర్ అంటారు. అంత కష్టం ఆ బంతిని కొట్టడం. రెండోది, ఈ ఆట రోజూ ఉంటుంది. ఐపీఎల్ లీగ్ దశలో మీ టీమ్‌కి 14 మ్యాచ్‌లుంటాయి. ఇక్కడ 162. మార్చి చివర మొదలుపెడితే సెప్టెంబర్ చివరిదాకా ఇంచుమించు ప్రతిరోజూ. అంటే ఇది పండగలాంటిది కాదు, పొద్దున్నే పేపరు వచ్చినట్టు వస్తుంది.

ఇన్ని మ్యాచ్‌లు కాబట్టి ఓటమి ఇక్కడ మామూలు సంగతి. ఇక్కడి పాతకాపులు ఒక లెక్క చెప్తారు: ఎంత చెత్త టీమైనా 54 గెలుస్తుంది, ఎంత గొప్ప టీమైనా 54 ఓడుతుంది, అసలు కథంతా మిగిలిన 54లో ఉంటుందని. ఈ ఏడాది అందరికన్నా ఎక్కువ గెలిచింది లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్. వాళ్ళూ 98 గెలిచి 64 ఓడారు. మా షికాగో వైట్ సాక్స్‌కి ఆ ఊరికే వచ్చే 54 కూడా రాలేదు. గెలిచినవి 41, ఓడినవి 121. 1900 నుంచి ఇప్పటిదాకా ఏ టీమూ ఒక సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు ఓడలేదు. 1962లో న్యూయార్క్ మెట్స్ ఓడిన 120 పాత రికార్డు. దాన్ని మావాళ్ళు దాటేశారు.

ఇక ఈ టీమ్ నాకెలా తగులుకుందో చెప్తాను. నేను 1983లో ఇక్కడికి వచ్చింది ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదవడానికి. దాన్నీ ఐఐటీ అనే అంటారు. తెనాలిలో మా నాన్నగారు "మావాడు ఐఐటీలో చేరాడు" అంటే "మద్రాసా, ఖరగ్‌పూరా?" అనేవారట. "షికాగో" అంటే ఈయనకి మతిపోయిందని నవ్వుకునేవారట. ఆ కాలేజీ ఊరికి దక్షిణాన ఉంది. హైవే దాటి కాస్త నడిస్తే 35వ వీధిలో వైట్ సాక్స్ మైదానం, కమిస్కీ పార్క్. ఎవరైనా హోమ్‌రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొడితే స్కోర్‌బోర్డు మీంచి తారాజువ్వలు లేచేవి. హాస్టల్ గదిలో కూర్చున్న నాకు మొదటి వారం దీపావళి ముందే వచ్చిందా అనిపించింది. ఉత్తరం వైపు కాలేజీలో సీటొచ్చి ఉంటే అటువైపు టీమ్ కబ్స్‌కి అభిమానినయ్యేవాణ్ణేమో. అంతే సంగతి. టీమ్‌ని నేను ఎంచుకోలేదు, హాస్టల్ వార్డెన్ ఇచ్చిన గది ఎంచుకుంది.

పైగా నేనొచ్చిన ఏడాది మావాళ్ళు 99 గెలిచారు. ఏటా ఇలాగే ఉంటుందనుకున్నాను. అక్టోబర్‌లో ప్లేఆఫ్స్‌లో బాల్టిమోర్ టీమ్ మావాళ్ళని ఇంటికి పంపేసింది. ఆ తర్వాత నిజమైన పండగ కోసం 2005 దాకా ఆగాను. ఆ ఏడు హ్యూస్టన్‌ని వరసగా నాలుగు మ్యాచ్‌ల్లో ఓడించి వరల్డ్ సిరీస్, అంటే ఇక్కడి ఫైనల్, గెలిచారు, 1917 తర్వాత మళ్ళీ అదే. రెండో మ్యాచ్‌లో స్కాట్ పొడ్సెడ్నిక్ అనే సన్నపాటి మనిషి, మామూలు సీజన్ మొత్తంలో ఒక్క హోమ్‌రన్ కూడా కొట్టనివాడు, చివరి ఇన్నింగ్స్‌లో కొట్టి గెలిపించాడు. ఆ చలి వానలో నేనూ ఉన్నాను. పదకొండేళ్ళ తర్వాత కబ్స్ గెలిస్తే దేశమంతా కథలు రాసింది. మావాళ్ళు 88 ఏళ్ళ తర్వాత గెలిచింది ఎవరికీ గుర్తులేదు. సరే, ఆ ఏడుపు ఇప్పుడెందుకు.

బుజ్జీ, ఇక్కడ నువ్వో మాట అడగాలి: మూడేళ్ళలో ఇంత దిగజారడం ఎలా? ఎందుకంటే 2021లో ఇదే టీమ్ 93 గెలిచి తమ విభాగంలో మొదట నిలిచింది. కుర్రాళ్ళంతా బంగారాలు, ఇక పదేళ్ళు మనదే అనుకున్నాం. మరుసటి ఏడు సరిగ్గా సగం, 81 గెలుపులు, 81 ఓటములు. 2023లో 101 ఓటములు. కొందరికి దెబ్బలు తగిలాయి, కొందరి ఆట ఆగిపోయింది, అవన్నీ నిజమే. కానీ నా కోపం ఆటగాళ్ళ మీద కాదు. షికాగో ఈ దేశంలో మూడో పెద్ద ఊరు. ఆ ఊరి టీమ్ తన చరిత్ర మొత్తంలో ఒక ఆటగాడికి ఇచ్చిన అతిపెద్ద ఒప్పందం 7.5 కోట్ల డాలర్లు, అదీ అయిదేళ్ళకి. నిరుడు డిసెంబర్‌లో డాడ్జర్స్ వాళ్ళు ఒహ్తాని అనే ఒక్క ఆటగాడికి పదేళ్ళకి 70 కోట్ల డాలర్లు రాసిచ్చారు. డబ్బుతోనే గెలుస్తారని నేననను. కానీ పెట్టుబడి పెట్టనివాడు పంట రాలేదని ఎరువుల కొట్టువాణ్ణి తిట్టకూడదు. నిరుడు ఆగస్టులో పై అధికారులిద్దర్నీ తీసేసి, బయట వెతకకుండా లోపలున్న మనిషినే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడే నాకు అర్థమైంది, ఈ ఏడు ఎలా ఉండబోతోందో.

అయినా ఇంతలా అని ఊహించలేదు. మొదటి మ్యాచ్ డెట్రాయిట్ మీద, సున్నాకి ఒకటితో ఓటమి. మొదటి 25లో గెలిచినవి మూడు. మే నెల చివర మొదలై వరసగా 14 ఓడారు. హమ్మయ్య, గండం గడిచిందనుకుంటే జులై 10న మళ్ళీ మొదలై ఆగస్టు 5 దాకా 21 మ్యాచ్‌లు వరసగా ఓడారు. ఇరవై ఒకటి! ఆ మధ్యలో జులై 25న ఏమైందో వినండి. మార్చిలో మావాళ్ళు శాన్‌డియేగోకి ఇచ్చేసిన డిలన్ సీస్ అనే పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు, నో-హిట్టర్ వేశాడు. అంటే తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తంలో ఎదుటివాళ్ళకి ఒక్క హిట్ కూడా దక్కనివ్వలేదు. ఇక్కడ మేం ఓడుతున్నాం, అక్కడ మావాడు చరిత్ర రాస్తున్నాడు. గోరుచుట్టు మీద రోకలి పోటంటే ఏమిటో మీ తెలుగు టీచరు అడిగితే ఈ ఉదాహరణ చెప్పండి. ఆగస్టు 6న ఓక్లండ్‌లో ఎట్టకేలకు 5-1తో గెలిచారు. గెలిచిన రెండు రోజులకి మేనేజర్ని, అంటే మన కోచ్ లాంటివాణ్ణి, తీసేశారు.

అన్ని రోజులూ చూశావా అంటే, చూశాను. కొన్ని రేడియోలో విన్నాను. నా దగ్గర స్కోరు రాసే పుస్తకం ఉంది. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో గడి. మా అమ్మ గోడ మీద పాల లెక్క గీసినట్టే నేనూ గీస్తాను. స్ట్రైక్‌ఔట్ అయితే, అంటే బంతిని కొట్టలేక పిచ్చర్ చేతిలో ఔటయితే, ఇంగ్లిష్ 'కే' అక్షరం, బ్యాటు కదల్చకుండా నిలబడి ఔటయితే అదే అక్షరాన్ని తిరగేసి రాయాలి. ఈ ఏడాది ఆ పుస్తకంలో చూడదగ్గ పేజీలున్నాయి అంటే నమ్ముతారా? గారెట్ క్రోషే అని ఎడమచేతి పిచ్చరున్నాడు. నిరుటిదాకా చివర్లో ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసేవాడు, ఈ ఏడే మొదటిసారి మ్యాచ్ మొదటి బంతి నుంచి వేయడం మొదలుపెట్టాడు. 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైక్‌ఔట్ చేశాడు. అతని ఖాతాలో మాత్రం ఆరు గెలుపులు, పన్నెండు ఓటములు. అతను బంతి వేసిన రోజు పేజీ చూస్తే గెలిచిన టీమ్ పేజీలాగే ఉంటుంది. గెలుపోటములు ఒక మూల చిన్న గడిలో ఉంటాయి, మిగతా పేజీ అంతా ఆటే. చిన్నూ, నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుందనుకుంటా.

మిగతా సగం కొంచెం సిగ్గుపడే సంగతి. సెప్టెంబర్ 22కి 120 ఓటములయ్యాయి, పాత రికార్డుతో సమానం. 24న ఇక్కడే ఏంజెల్స్ అనే టీమ్‌తో మ్యాచ్. నేనూ, మీ చిన్నమామ్మా రైలెక్కి వెళ్ళాం. ఎందుకు వెళ్ళానో తెలుసా? ఓడిపోతే చూద్దామని. అన్నాళ్ళు భరించాం, ఆ రికార్డు ఏదో మా కళ్ళముందే బద్దలైతే "నేనక్కడ ఉన్నాను" అని చెప్పుకోవచ్చని. నా ఒక్కడికే కాదు, చుట్టూ చాలామంది మొహాల్లో అదే. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 2-0తో వెనకబడ్డారు. ఏడో ఇన్నింగ్స్ తర్వాత వెనకబడి ఉండి గెలిచిన మ్యాచ్ ఈ ఏడాది ఒక్కటంటే ఒక్కటి లేదు. జనం యజమానిని ఉద్దేశించి "టీమ్ అమ్మేయ్" అని అరుస్తున్నారు. నేనూ అరిచాను. మీ చిన్నమామ్మ మోచేత్తో పొడిచింది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఏమైందో ఏమో, ఒక పరుగు వచ్చింది. ఇంకోటి. మూడోది వచ్చేసరికి నేను నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలీదు. చరిత్ర చూద్దామని వచ్చినవాణ్ణి, ఓడకండ్రా బాబూ అని తెలుగులో అరుస్తున్నాను. 3-2తో గెలిచారు. మర్నాడు తొమ్మిది ఇన్నింగ్స్‌కీ స్కోరు సమమైతే, పదో ఇన్నింగ్స్‌లో ఆండ్రూ బెనింటెండి కొట్టి గెలిపించాడు. ఆ మర్నాడు 7-0. ఏడాదంతా నిద్రపోయి చివరి మూడు రోజులు చదివే పిల్లాడిలాగా. ఎవరని చెప్పను, చిన్నూకి తెలుసు.

27న డెట్రాయిట్‌లో 4-1తో ఓడారు. 121. మేం వంటింట్లో రేడియో పెట్టుకుని వింటున్నాం. తమాషా ఏమిటంటే ఆ గెలుపుతోనే డెట్రాయిట్‌కి ప్లేఆఫ్స్‌లో చోటు దొరికింది, 2014 తర్వాత మళ్ళీ ఇప్పుడే. మా నెత్తిన చెత్త రికార్డు పడిన క్షణంలోనే రేడియోలో వేల మంది సంతోషంతో కేకలు. ఒక ఊరికి అది పదేళ్ళలో మంచి రాత్రి. మీ చిన్నమామ్మ రేడియో కట్టేయబోతే వద్దన్నాను, కాసేపు విన్నాను. తర్వాతి రెండు మ్యాచ్‌లు అదే డెట్రాయిట్ మీద మావాళ్ళు గెలిచారు. ఎవరూ పట్టించుకోలేదు, నేను మాత్రం పుస్తకంలో రాసుకున్నాను.

చివర్లో నిలిచిన టీమ్‌కి వచ్చే ఏడాది కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడంలో మొదటి అవకాశం ఇవ్వాలి కదా అంటావేమో. న్యాయం అదే. కానీ రూల్ ఏమిటంటే, ముందు ఎవరు ఎంచుకోవాలో లాటరీ తీసి తేలుస్తారు, పెద్ద ఊళ్ళ టీమ్‌లు వరసగా రెండేళ్ళు ఆ లాటరీలో పాల్గొనకూడదు. మావాళ్ళకి నిరుడే ఒకసారి దక్కింది. అందుకని చరిత్రలోనే ఎక్కువ ఓడి కూడా పదో స్థానం కంటే ముందు ఎంచుకోలేరు. ఊరేమో పెద్దది, ఖర్చేమో చిన్నది, శిక్ష మాత్రం పెద్ద ఊరి లెక్కన.

ఇక ముందు ఏమవుతుందంటే, రెండు ఉదాహరణలున్నాయి. 120 ఓడిన మెట్స్ ఏడేళ్ళకి, 1969లో, వరల్డ్ సిరీస్ గెలిచారు. ఇక్కడ టీవీల్లో అందరూ అదే చెప్తున్నారు. మీ నాన్నైతే డెక్కన్ చార్జర్స్ 2008లో ఆఖరున నిలిచి 2009లో కప్పు కొట్టిన కథ చెప్తాడు. కానీ 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ అని ఒక టీమ్ ఉండేది. దాని యజమానులు సెయింట్ లూయిస్‌లో ఇంకో టీమ్ కూడా కొనుక్కుని, మంచి ఆటగాళ్ళందర్నీ అక్కడికి తోలేశారు. స్పైడర్స్ 20 గెలిచి 134 ఓడారు. మరుసటి ఏడాది ఆ టీమే లేదు. అంచేత ఓడినవాళ్ళు లేస్తారని నేను మీకు మాటివ్వలేను, చిన్నూ. టీమ్ మారడం మాత్రం నావల్ల కాదు. ప్రయత్నించి చూశాను కూడా, ఆగస్టులో ఒక వారం టీవీలో డాడ్జర్స్ ఆట పెట్టుకున్నాను. భలే ఆడతారు. ఎవరో పక్కింటివాళ్ళ పెళ్ళి వీడియో చూస్తున్నట్టుండి కట్టేశాను.

మార్చి 27న కొత్త సీజన్ మొదటి మ్యాచ్, ఇక్కడే, మళ్ళీ ఏంజెల్స్‌తోనే. కొత్త స్కోరు పుస్తకం కొన్నాను. అందులోంచి రెండు ఖాళీ పేజీలు చింపి ఈ కవర్లో పెడుతున్నాను, చెరొకటి తీసుకోండి. వీధి క్రికెట్‌కి సరిపోయేలా గళ్ళు మార్చుకుని ఒక మ్యాచ్ రాసి పంపండి, ఓడిన మ్యాచైనా సరే. మామ్మ కంట మాత్రం పడనివ్వకండి, పాల లెక్క రాసేస్తుంది.

మీ చిన్నతాత