ముసలి ఎలుక మతిమరుపు వెనక ఒక హార్మోను కథ

టెన్షన్ పడితే మెదడు కణాలు చచ్చిపోతాయనే మాట మనలో చాలామంది వినే ఉంటారు. ఆ మాటకు మూలం ఎలుకల మీద జరిగిన పరిశోధన. అందులో ముఖ్యమైన భాగం తర్వాత నిలబడలేదు. మాట మాత్రం నిలిచిపోయింది.

1968లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఒత్తిడి హార్మోన్లను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలకు రేడియోధార్మిక కార్టికోస్టెరాన్ ఎక్కించి, అది మెదడులో ఎక్కడ చేరుతుందో వెతికింది. ఒత్తిడి వేళ ఎలుక ఒంట్లో పెరిగే హార్మోను ఇది; మనలో ఆ పని కార్టిసాల్‌ది. హార్మోన్ల వ్యవహారమంతా హైపోథాలమస్‌దే కాబట్టి అక్కడే దొరుకుతుందనుకున్నారు. తీరా చూస్తే ఎక్కువగా పేరుకున్నది హిప్పోక్యాంపస్‌లో! కొత్త జ్ఞాపకాలు నిలవాలంటే ఆ భాగమే కీలకమని అప్పటికే తెలుసు.

అక్కడి నుంచి అనుమానం ముసలితనం మీదికి మళ్లింది. 1985లో రాబర్ట్ సపోల్‌స్కీ, మెక్‌యూవెన్‌లు ఎలుకలకు మూడు నెలలపాటు ఈ హార్మోను ఇచ్చి, హిప్పోక్యాంపస్‌లో కణాలు తగ్గాయని ప్రకటించారు. మరుసటి ఏడాది దాన్నే పూర్తి సిద్ధాంతంగా అల్లారు. మేడమీద ట్యాంకు నిండగానే నీళ్లు కట్టేసే బంతి వాల్వు ఉంటుంది కదా, హార్మోను విషయంలో హిప్పోక్యాంపస్‌దీ అలాంటి పనే. హార్మోను ఎక్కువై ఆ వాల్వే పాడైతే? ఇంకా హార్మోను, ఇంకా నష్టం. వినగానే నచ్చే వాదన, అందుకే అంత త్వరగా పాకింది.

1988లో మైకేల్ మీనీ బృందం దానికి బలం చేకూర్చింది. పుట్టిన తొలి మూడు వారాలు రోజూ 15 నిమిషాలు చేత్తో పట్టుకుని పెంచిన ఎలుక పిల్లలు ముసలివయ్యాక కూడా, మసక నీటి తొట్టిలో దాగున్న దిమ్మెను గుర్తుపెట్టుకుని చేరగలిగాయి. వాటి ఒంట్లో ఆ హార్మోనూ తక్కువే.

చిక్కంతా లెక్కలో వచ్చింది. అంతకుముందు పలుచని ముక్కలో ఎన్ని కణాలు కనిపిస్తే దాన్నిబట్టి అంచనా కట్టేవారు. మెదడు కుంచించుకున్నా, కణాల సైజు మారినా ఆ లెక్క తప్పుతుంది. మొత్తం కణాలను సరిగా అంచనా వేసే పద్ధతితో 1996లో పీటర్ రాప్, మిషెలా గాలఘర్ మళ్లీ లెక్కపెట్టారు. దారి మరిచిపోయే ముసలి ఎలుకల్లోనూ హిప్పోక్యాంపస్ కణాలు కుర్ర ఎలుకల్లో ఉన్నన్నే ఉన్నాయి.

అలాగని హార్మోను నిర్దోషి కాదు. అది ఎక్కువైతే కణాల కొమ్మలు కురచబడతాయని 1990లోనే మెక్‌యూవెన్ ల్యాబే చూపింది. నా దృష్టిలో ఈ కథలో ఇదే పెద్ద మలుపు: చచ్చిన కణాన్ని తెచ్చుకోలేం, ముడుచుకున్న కొమ్మ మళ్లీ సాగొచ్చు.

ఆ ఆశతోనే ఎడిన్‌బరోలో జొనాథన్ సెక్ల్, జాయిస్ యౌ కణం లోపల హార్మోనును తిరిగి చురుకు చేసే ఎంజైము మీద దృష్టి పెట్టారు. ఆ ఎంజైము లేని చిట్టెలుకల్లో వయసుతో వచ్చే మతిమరుపు తక్కువని 2001లో తేల్చారు. 2004లో దాన్ని అడ్డుకునే కార్బెనాక్సొలోన్‌ను కొద్దిమంది పెద్దవాళ్లకు ఇచ్చి చూస్తే మాటలకు సంబంధించిన జ్ఞాపకం కొంత మెరుగైంది. ఆ మందుకు మూలం మనకు తెలిసిన అతిమధురమే. అలాగని వేరు నమలడం మొదలుపెట్టకండి, బీపీ పెరుగుతుంది. అదే ఎంజైమును ఆపే ఏబీటీ-384 అనే మందును తర్వాత అల్జీమర్స్ రోగుల మీద పరీక్షిస్తే ఫలితం కనబడలేదు. ఎలుకకు వయసుతో వచ్చే మతిమరుపు వేరు, ఆ జబ్బు వేరు.