నెల నెలా ఒక తడి

చిరంజీవులు బుజ్జికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం చివర రాసిన ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు, ఒకటో తారీఖు తెల్లవారుతూనే గ్రామ సచివాలయం అమ్మాయి ఎదురింటి మామ్మగారి అరుగు మీద కూర్చుని ఆవిడకు పింఛను డబ్బులు నాలుగు వేలు ఇచ్చి వెళ్ళడం చూశావు కదా. "పని చేయకుండా డబ్బులిస్తే జనం బద్ధకస్తులైపోతారని మా క్లాసులో అంటున్నారు, నిజమేనా తాతయ్యా?" అని అడిగావు. మీ క్లాసులోనే కాదమ్మా, ఇక్కడ రావిచెట్టు కింద, బస్సులో, పెళ్ళి భోజనాల దగ్గర పెద్దవాళ్ళు కూడా ఇదే మాట అంటున్నారు.

మన కాలవ గుర్తుందా? చిన్నోడు చెప్పు పోగొట్టుకున్న కాలవ. దాళ్వాకు, అంటే రెండో పంటకు, గోదావరిలో నీళ్ళు తక్కువ కాబట్టి అందులో వంతులవారీగా వదులుతారు. ఫలానా రోజు మన వంతు అని ముందే తెలుస్తుంది. వచ్చే నీళ్ళు కొంచెమే. కానీ ఆ రోజు ఖాయమైతే రైతు మనసు కుదుటపడుతుంది. ఎరువు ఎప్పుడు చల్లాలి, కలుపుకు మనుషుల్ని ఎప్పుడు పిలవాలి, అన్నీ ఆ రోజును బట్టి సర్దుకుంటాడు. ఎప్పుడొస్తాయో తెలియని నీళ్ళయితే ఎరువు కట్ట కొనడానికే భయపడతాడు. ఇంకో సంగతి. తడి పెట్టామని వరి బద్ధకించదు. వేరు తన్నేదీ, పిలకలు వేసేదీ, కంకి తీసేదీ మొక్కే. మనం చేసేదల్లా ఎండిపోకుండా చూడడమే.

మామ్మగారి ఇంటికి ఆ నాలుగు వేలు అలాంటి తడి. కొడుకు కొబ్బరి దింపుకు వెళ్తాడు, కోడలు నాట్లకూ కోతలకూ వెళ్తుంది. పని ఉన్న రోజు కూలి వస్తుంది. ముసురు పట్టి వారం రోజులు వాన పడితే ఇద్దరికీ పని ఉండదు. కడుపు మాత్రం ముసురని ఊరుకోదు కదా. రేషన్ బియ్యం ఉంటాయి. కానీ పప్పు, నూనె, పిల్లాడికి జ్వరమొస్తే ఆటో, మామ్మగారి బీపీ బిళ్ళలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇదివరకు అప్పు నుంచి వచ్చేవి.

ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. మన పల్లెల్లో అయిదు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు 5 రూపాయలు. 5,000 తీసుకుంటే నెలకు 250. ఏడాదికి 3,000. అంతా కట్టాక కూడా అసలు అయిదు వేలూ అలాగే ఉంటాయి! ఒక్క జ్వరానికి చేసిన అప్పు ఏడాది కూలిని నమిలేస్తుంది. మామ్మగారికి ఒకటో తారీఖు ఖాయం కాబట్టి ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు చిన్న చిన్న అవసరాలకు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడం లేదు. కిరాణా కొట్టు ఆయన కూడా ఖాతాలో ధైర్యంగా రాసుకుంటున్నాడు. పోయిన ఏడాది కోడలు నెలకు కొంత వెనకేసి ఒక మేకపిల్లను కొంది. నువ్వు ఆకులు మేపావే, దాని తల్లి అదే.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. మా అమ్మ ఆషాఢంలో నాగుకు వడ్లు తెచ్చేది. నాగు అంటే మీకు తెలియదు. ఇప్పుడు ఒక బస్తా తెస్తే, పంట రాగానే బస్తాన్నర కొలవాలి. మా నాన్న కౌలు చేసేవాడు. పంటలో సగం ఆసామికి పోతే, మిగిలినదాంట్లోంచి నాగు కొలిచేవాళ్ళం. సంక్రాంతికి మా గాదె నిండినట్టే కనిపించేది, శివరాత్రికి అడుగు కనపడేది. ఒక ఏడు అమ్మ ఇత్తడి బిందె తాకట్టు పెట్టింది. తిరిగి విడిపించలేకపోయింది. ఆ తర్వాత మట్టి కుండతో నీళ్ళు మోసేది. నేనప్పుడు ఆ బిందె ఎక్కడికి పోయిందని అడిగితే "మాట్లు వేయడానికిచ్చాను" అంది. ఆ మనిషికి నెల నెలా వంద రూపాయలు ఖాయంగా చేతికొచ్చి ఉంటే మా ఇల్లు ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. అమ్మ కన్నా కష్టపడ్డ మనిషిని నేను చూడలేదు. కష్టానికి లోటు లేదు మా ఇంట్లో, తడికే లోటు.

సరే, కాలవ దగ్గరికి మళ్ళీ వద్దాం. కాలవకు గట్టు పొడవునా గండ్లు ఉంటే, లాకుల దగ్గర ఎంత వదిలినా పొలానికి చేరదు. పేదవాడి కోసం పెట్టే రూపాయిలో 15 పైసలే అతనికి చేరుతున్నాయని ప్రధానిగా ఉన్నప్పుడు రాజీవ్ గాంధీయే 1985లో అన్నారు. నేరుగా చేతికో బ్యాంకు ఖాతాకో డబ్బు ఇవ్వడమంటే ఆ గండ్లు పూడ్చడమే. ముసలివాళ్ళ పింఛను 1995 ఆగస్టు 15న కేంద్రం మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 1,000 అయింది, 2024 జూలైలో 4,000 అయింది. ఒకప్పుడు నడవలేనివాళ్ళను కూడా పంచాయతీ ఆఫీసు దగ్గరికి మోసుకొచ్చి ఎండలో కూర్చోబెట్టేవాళ్ళు. 2020 నుంచి డబ్బే ఇంటికి నడిచి వస్తోంది.

అయినా కాలవకు శివారు పొలం ఒకటి ఉంటుంది. నీళ్ళన్నీ పైవాళ్ళు వాడుకున్నాక చివరికి చేరీ చేరని పొలం. కౌలు రైతు అలాంటివాడే. పీఎం కిసాన్‌లో ఏడాదికి 6,000, మూడు విడతల్లో రెండేసి వేలు ఇస్తారు. కానీ అది పొలం ఎవరి పేరున ఉంటే వాళ్ళకు. దున్నేవాడి పేరున కాగితం ఉండదు కాబట్టి అతనికి రాదు. మా నాన్న బతికి ఉన్నా ఆయనకు వచ్చేది కాదు. వేలిముద్ర పడక ఇబ్బంది పడేవాళ్ళూ ఉన్నారు. మామ్మగారి బొటనవేలు జీవితమంతా నారు పీకి పీకి అరిగిపోయింది. ఆ అమ్మాయి మెషీన్ మీద వేలు పెట్టించి, కొంగుతో తుడిపించి, మళ్ళీ పెట్టించి, ఆఖరికి పచ్చ లైటు వెలిగాక ఎనిమిది అయిదొందల కాగితాలు లెక్కపెట్టి ఇచ్చింది. మామ్మగారు వాటిని ఇంకోసారి లెక్కపెట్టుకుని, ఒక కాగితం విడిగా తీసి కొంగున ముడి వేసుకుంది. అది ఆవిడ సొంతానికి. బిళ్ళలకు, ఆటోకు, మనవడి చేతిలో పెట్టడానికి. కొడుకును అడగక్కర్లేదు. ఈ ఒక్క సంగతి కోసమైనా నాకు ఈ ఏర్పాటంటే ఎంతో గౌరవం.

ఇంక మీ క్లాసువాళ్ళ అనుమానం. 2011లో మధ్యప్రదేశ్‌లో దీన్ని పరీక్షించి చూశారు. సేవా అనే మహిళా సంఘం, యునిసెఫ్ సాయంతో ఎనిమిది పల్లెల్లో ప్రతి మనిషికీ డబ్బు ఇచ్చింది. పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150. పిల్లల వంతు అమ్మ చేతికే. ఏ షరతూ పెట్టలేదు. డబ్బు ఇవ్వని పల్లెలతో పోల్చి చూశారు. జనం పని మానలేదు. సొంత పొలంలో, సొంత చిన్న పనుల్లో ఇంకా ఎక్కువ పని చేశారు. మేకలు, కోళ్ళు కొన్నారు, అప్పులు తగ్గించుకున్నారు. పిల్లల తిండి, బరువు మెరుగయ్యాయి. బడికి వెళ్ళడం పెరిగింది. సారా ఖర్చు మాత్రం పెరగలేదు.

ఇది అన్నిటికీ మందని నేను అనను. నాలుగు వేలు చేతిలో ఉన్నా ఆసుపత్రిలో డాక్టరు లేకపోతే ఏం లాభం? బడి, ఆసుపత్రి, పని, ఇవన్నీ ఉండాల్సిందే. కానీ అవి వచ్చేదాకా మొక్క ఎండిపోకూడదు కదర్రా. ఒకరి కంచంలో ఏం పడిందో చూసి బద్ధకస్తుడనే ముందు వాళ్ళ అరిచేతులు చూడడం నేర్చుకోండి.

మిగతాది నేను చెప్పేకన్నా మీరే చూడడం మంచిది. ఈసారి ఒకటో తారీఖు కలిసొచ్చేలా రండి. పొద్దున మామ్మగారింటికి వద్దు, మధ్యాహ్నం కిరాణా కొట్టు దగ్గర కూర్చోండి. ఎవరెవరి ఖాతాలు కొట్టేస్తున్నారో, ముందు ఏ సరుకు అమ్ముడుపోతోందో చూడండి. పాలు, గుడ్లు, నోటు పుస్తకాలు గమనించండి. ఎంత వచ్చిందని ఎవరినీ అడగొద్దు, అది మర్యాద కాదు. చూసింది చూసినట్టు రాసి నాకు పంపండి. చిన్నోడికి అక్షరాలు రాకపోతే బొమ్మలు వేసినా సరే.

మీ తాతయ్య