చింతపండు లేని రోజు పులుసు

రాయగడ

చి. లిఖితకి, హాస్టల్లో నీ గది స్నేహితురాళ్లకి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ స్టవ్ మీద పులుసు పొంగుతోంది, అక్కడ నీకు ఫోన్ టైం అయిపోతోంది. "జెనెటిక్ కోడ్ డీజెనరేట్ అని పుస్తకంలో ఉంది అమ్మమ్మా. డిక్షనరీ చూస్తే చెడిపోయినది, దిగజారినది అని ఉంది. అంటే మన ఒంట్లో రాతే చెడిపోయిందా?" అన్నావు. ముప్పై ఏళ్లు ఆస్పత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసినదాన్ని. ఈ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి వదిలేయడం నాకిష్టం లేక ఉత్తరం రాస్తున్నాను. మీ గదిలో అందరూ కలిసి చదువుకోండి.

చెడిపోలేదు తల్లీ. ఆ మాట ఫిజిక్స్ వాళ్లది. ఒకే శక్తి ఉన్న వేర్వేరు స్థితులను వాళ్లు డీజెనరేట్ అంటారు. జీవశాస్త్రంలోకి వచ్చాక దాని అర్థం ఇంతే: తయారీ వేరు, చేసే పని ఒకటి. పేరు బాగా పెట్టలేదనే నేను ఇప్పటికీ అనుకుంటాను. ఇంత మంచి గుణానికి అలాంటి పేరు ఉండకూడదు.

ఆ రోజు స్టవ్ మీద పొంగిన పులుసు సంగతే చెప్తాను. చూస్తే ఇంట్లో చింతపండు నిండుకుంది. పక్కింటి ఒడియా ఆవిడ నాలుగు అంబుల ముక్కలిచ్చింది. మామిడికాయ ముక్కల్ని ఉప్పుతో ఎండబెట్టి దాచుకుంటారే, అవి. వాటితోనే పులుసు పెట్టాను, తాతయ్య రెండుసార్లు వడ్డించుకున్నారు. అంబుల లేకపోతే నిమ్మకాయ పిండేదాన్ని, అదీ లేకపోతే పెరుగు చిలికి మజ్జిగ పులుసు పెట్టేదాన్ని. చింతపండులో పులుపు టార్టారిక్ ఆమ్లం వల్ల వస్తుంది, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం. నాలిక్కి మాత్రం అన్నీ పులుపే. పైగా ఒక్కోదానికీ వేరే పని కూడా ఉంది. చింతపండుతో ఇత్తడి బిందె తోముతాం, పెరుగుతో పాలు తోడేస్తాం. వేర్వేరువి ఒకే పనికి రావడం, అవసరం మారితే అవే మరో పనికి పోవడం, ఈ రెండూ కలిస్తేనే డీజెనరసీ.

ఇంట్లో రెండు డబ్బాల చింతపండు ఉండటం ఇలాంటిది కాదు. మీ తాతయ్య నూతికి రెండు మోటార్లు పెట్టించారు, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని. తుఫాను వచ్చి మూడు రోజులు కరెంటు పోయింది. రెండు మోటార్లూ ఒకేసారి ఆగాయి. ఆ మూడు రోజులూ మమ్మల్ని కాపాడింది చేద, తాడు. అచ్చంగా ఒకేలా ఉన్నవి రెండున్నా ఒకే దెబ్బకి రెండూ పోతాయి. వేరుగా ఉన్నది మిగులుతుంది. ఈ తేడాని 2001లో జెరాల్డ్ ఎడెల్మన్, జోసెఫ్ గాలీ అనే ఇద్దరు ఒక వ్యాసంలో విడదీసి చూపించారు. యాంటీబాడీల నిర్మాణం కనిపెట్టినందుకు 1972లో నోబెల్ అందుకున్న ఎడెల్మనే ఈయన.

ఇప్పుడు నీ పుస్తకంలోకి వద్దాం. మన జన్యువుల రాతలో అక్షరాలు నాలుగే. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట, అలాంటివి 64. వాటిలో 3 'ఇక్కడ ఆపు' అని చెప్పేవి. మిగిలిన 61 మాటలు, ప్రొటీన్లకి ఇటుకల్లాంటి 20 అమైనో ఆమ్లాలకి పంచి ఉన్నాయి. లూసిన్‌కి 6 మాటలుంటే మెథియోనిన్‌కి, ట్రిప్టోఫాన్‌కి ఒక్కొక్కటే. ఈ లెక్క తేల్చినవాళ్లలో మన హరగోవింద్ ఖొరానా ఒకరు. 1968లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

దీనివల్ల ఏమిటి లాభం అని మీకనిపిస్తుంది. ఒక్క మాట దగ్గరికి తీసుకెళ్తాను, బాగా చూడండి. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో బీటా అనే గొలుసు ఉంటుంది. అందులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. దానికి రాత 'జీఏజీ'. కణం విడిపోయేటప్పుడు నకలు రాయడంలో పొరపాటు జరిగి చివరి అక్షరం మారిందనుకోండి, 'జీఏఏ' అయింది. అది కూడా గ్లుటామిక్ ఆమ్లమే. ఆ మనిషికి ఏమీ కాదు, తనలో పొరపాటు జరిగిందని కూడా తెలియదు. అదే మధ్య అక్షరం మారి 'జీయూజీ' అయితే వాలీన్ వచ్చి కూర్చుంటుంది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకి మూలం అదే. ఒక్క అమైనో ఆమ్లం మారడమే దీనికి కారణమని 1957 నాటికి వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చారు.

మన కొండ ఊళ్లలో ఈ జబ్బు ఎంత ఉందో మీకు తెలుసు. ఇక్కడా, కోరాపుట్‌లోనూ, అటు మహారాష్ట్రలో గడ్చిరోలి వైపునా ఉంది. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో చూసిన స్లైడ్ ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఒక రక్తపు చుక్క, దాని మీద అప్పుడే కలిపిన మెటాబైసల్ఫైట్ ద్రావణం ఒక చుక్క, పైన కవర్‌స్లిప్, గాలి చొరకుండా అంచులు మూసేయాలి. ఆ మందు రక్తంలో ఆక్సిజన్‌ని లాగేస్తుంది. మొదట చూస్తే కణాలన్నీ గుండ్రంగా, మధ్యలో నొక్కిన గారెల్లా ఉన్నాయి. ముందుగది పనులు చూసుకుని అరగంటకి మళ్లీ కన్ను పెట్టాను. అంచులు సాగి, కొసలు తేలి, కోతకి తీసుకెళ్లే కొడవళ్లలా అయ్యాయి. ఆ రక్తం ఎనిమిదేళ్ల పిల్లాడిది. బయట బెంచీ మీద వాళ్లమ్మ ఒళ్లో కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ కొడవళ్లే సన్నని రక్తనాళాల్లో చిక్కుకుని ఆ నొప్పి తెస్తాయి.

వాళ్లమ్మ అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. "పుట్టినప్పుడు బాగున్నాడమ్మా, పాలు తాగేటప్పుడు ఏ జబ్బూ లేదు." ఆమె చెప్పింది నిజం. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. అందులో బీటా గొలుసు బదులు గామా గొలుసు. పని అదే, ఆక్సిజన్ మోయడం. తయారీ వేరు. అది ఆక్సిజన్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, తల్లి రక్తం నుంచి లాక్కోవాలి కదా. పుట్టిన కొన్ని నెలలకి గామా తగ్గిపోయి బీటా వస్తుంది. అందుకే తప్పు బీటాలో ఉన్నా మొదటి ఆరు నెలలూ సాధారణంగా బిడ్డ మీద జబ్బు కనపడదు. పాత దారి ఇంకా తెరిచే ఉంటుంది.

పెద్దయ్యాక ఆ గామా జన్యువు ఎక్కడికీ పోదు, నిద్రపోతుంది. హైడ్రాక్సీయూరియా మాత్ర చేసేది ముఖ్యంగా దాన్ని కొంత నిద్ర లేపడమే. 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చిన జన్యు చికిత్స కూడా విరిగిన బీటాని సరిచేయదు. గామాని అణచిపెట్టే ఇంకో జన్యువు మీదే దెబ్బ వేస్తుంది. మన ఒడిశా రోగుల్లో చాలామందికి పెద్దయ్యాక కూడా ఈ చిన్ననాటి హిమోగ్లోబిన్ ఎక్కువగానే ఉంటుంది. అలాంటివాళ్లకి జబ్బు కొంత మెత్తగా ఉంటుంది. ఒక దారి మూసుకుపోయిన చోట రెండో దారి ఎంత విలువైందో నాకు పుస్తకాల కంటే ఆ బెంచీ ఎక్కువ నేర్పింది.

రెండో దారి లేని చోటు కూడా ఒంట్లో ఉంది. నా సంగతే. రక్తంలో చక్కెర తగ్గితే పెంచడానికి గ్లూకగాన్ ఉంది, అడ్రినలిన్ ఉంది, కార్టిసాల్ ఉంది, గ్రోత్ హార్మోన్ ఉంది. చక్కెర పెరిగితే దించడానికి ఇన్సులిన్ ఒక్కటే దిక్కు. తరతరాలుగా మనిషికి కరువు భయమే ఎక్కువ కాబట్టి శరీరం ఆ వైపే ఎక్కువ కాపలా పెట్టుకుందని నా నమ్మకం. ఆ ఒక్క ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకే పొద్దున్నే నాకు టిఫిన్ కంటే ముందు మాత్ర.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒక దారి మూసుకుపోయింది, ఇంకో దారిన పొండి అని లోపల ఎవరు చెప్తారు? ఎవరూ చెప్పరు. ఇది నమ్మడం కష్టం, అందుకే పెరట్లో మామిడి చెట్టు దగ్గరికి తీసుకెళ్తాను.

కింది కొమ్మ మీద ఆకుల్ని కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలున్నాయి. ఒడియాలో కాయి అంటారు. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మయూర్‌భంజ్ పచ్చడి వీటిదే. నిన్న పొద్దున్న కుర్చీ వేసుకుని చూశాను. మొదట తలా ఒక ఆకు అంచు పట్టుకుని లాగుతున్నాయి, ఎవరి గోల వాళ్లది. చాలా ఆకులు కదల్లేదు. ఒక చోట మాత్రం ఆకు కొస కొంచెం వంగింది. పక్కన ఉన్నవి తమ ఆకు వదిలేసి అక్కడికి వచ్చాయి. రెండాకుల మధ్య సందు ఒక చీమకి అందలేదు. దాని నడుము ఇంకోటి పట్టుకుంది, దాని నడుము మరోటి, అలా గొలుసు కట్టి లాగాయి. అంచులు కలిశాక కొన్ని వెళ్లి తెల్లటి పిల్ల పురుగుల్ని నోట కరుచుకుని వచ్చాయి. సాలె మగ్గం మీద నాడె ఆడినట్టు ఆ పురుగుని ఈ అంచుకీ ఆ అంచుకీ ఆడించాయి. పురుగు నోటి నుంచి పట్టుదారం వచ్చి ఆకులు అతుక్కున్నాయి. ఆ పురుగు తన కోసం గూడు అల్లుకోదు, దారమంతా ఇంటికే ఇచ్చేస్తుంది.

మేస్త్రి లేడు, ప్లాను లేదు. వంగిన ఆకే మిగతావాటిని పిలిచింది. చేసిన పనే తర్వాతి పనికి కబురవుతుందని చెదపురుగుల్ని చూసి 1959లో పియర్ పాల్ గ్రాసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రాశారు. పుస్తకాల్లో దీన్ని స్వయం వ్యవస్థీకరణ అంటారు. తమంతట తాము కుదురుకోవడం అంటే నాకు నచ్చుతుంది. ఇందులో కూడా దారులు పలురకాలే. ఆఫ్రికాలో ఉండే వీటి దాయాది చీమల్ని హోల్డోబ్లర్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు గమనించి, తోటి చీమల్ని పనికి పిలవడానికి వాటికి 5 వేర్వేరు పద్ధతులున్నాయని 1978లో రాశారు. వాసన గీతలు, మీసాలతో తట్టడం, ఒళ్లు కుదపడం, సందర్భాన్ని బట్టి ఇలా కలిపి వాడుకుంటాయి.

ఒంట్లో కూడా ఇదే తీరు. కండరాల్లో ఆక్సిజన్‌ని దాచిపెట్టే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఉంది. అది లేని ఎలుకల్ని 1998లో తయారుచేశారు. చచ్చిపోతాయేమో అనుకుంటాం కదా. అవి పుట్టాయి, తిరిగాయి, పిల్లల్ని కన్నాయి. తర్వాత చూస్తే వాటి గుండెలో సన్నని రక్తనాళాలు మామూలు కంటే దట్టంగా ఉన్నాయి, రక్తంలో ఎర్రకణాలు కూడా పెరిగాయి. మెదడు నుంచి ఆర్డరేమీ రాలేదు. ఆక్సిజన్ చాలని కణజాలం ఒక రసాయనం వదులుతుంది. దగ్గర్లోని నాళం అటు కొమ్మ వేస్తుంది. ఆక్సిజన్ అందితే ఆ కబురు ఆగిపోతుంది. వంగిన ఆకు దగ్గరికి చీమలు చేరినట్టే.

మళ్లీ సికిల్ సెల్ దగ్గరికి రావాలి. అంత నొప్పి పెట్టే అక్షరం మన కొండల్లో ఇన్ని తరాలు ఎందుకు మిగిలింది? తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వచ్చినవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, ప్రాణం తీసే మలేరియా నుంచి వాళ్లకి కొంత రక్షణ కూడా ఉంటుంది. దీన్ని 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో చూపించారు. అంతకుముందే 1949లో తలసేమియా అనే ఇంకో రక్తపు జబ్బు గురించి ఇలాంటి ఊహ చేసిన పెద్దాయన బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్. ఆయన మన దేశానికి వచ్చి భారత పౌరుడై, చివరి రోజుల్లో భువనేశ్వర్‌లో ఉండి 1964 డిసెంబరు 1న అక్కడే పోయారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని పిల్లలు చదువుకోవడానికి కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. కాకినాడ వెళ్తే ఒకసారి తలుచుకోండి.

తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఆ అక్షరం ఒక్కో కాపీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకి జబ్బు వస్తుంది. అందుకే 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్లలోపు వాళ్లకి పరీక్షలు చేస్తున్నారు. మీ కాలేజీకి ఆ బృందం వస్తే మీ గదిలో ఒక్కరు కూడా మానొద్దు. చిన్న సూది, ఒక చుక్క. పాజిటివ్ వస్తే టెన్షన్ పడి ఏడవకండి, తర్వాతి పరీక్షలో అది జబ్బా, ఒక్క కాపీ మాత్రమేనా అన్నది తేలుతుంది. రిపోర్టు ఫోటో తీసి నాకు పంపండి, కూర్చుని అక్షరం అక్షరం చదివి చెప్తాను. స్లైడ్ చూసే కన్ను ఇంకా బాగానే ఉంది.

వచ్చే ఆదివారం మీ మావయ్య బరంపురం వస్తాడు. అంబుల ముక్కలు ఒక పొట్లం పంపుతున్నాను, పక్కింటి ఆవిడ నీ కోసమని విడిగా ఇచ్చింది.

ఇట్లు,
అమ్మమ్మ