యూరప్ ఛాంపియన్ 15వ స్థానంలోకి ఎలా జారాడు? తోమాష్ వెర్నర్ కెరీర్: అపోహలు - వాస్తవాలు

ఐస్ మీద ఫిగర్ స్కేటింగ్ నేర్పడం నా పని. ఒక్క పోటీ చెడిపోగానే డీలాపడే పిల్లలకీ, వాళ్లకంటే ఎక్కువ టెన్షన్ పడే అమ్మానాన్నలకీ నేను చెప్పే పేరు చెక్ స్కేటర్ తోమాష్ వెర్నర్.

అపోహ: ఛాంపియన్ వెనకబడ్డాడంటే శ్రద్ధ తగ్గినట్టే.

వెర్నర్ 2008 జనవరిలో జాగ్రెబ్‌లో యూరోపియన్ టైటిల్ గెలిచాడు. అతని వెనక రెండు, మూడు స్థానాల్లో నిలిచిన స్టెఫాన్ లాంబియెల్, బ్రియాన్ జూబెర్ అప్పటికే ప్రపంచ ఛాంపియన్లు. రెండు నెలలు తిరక్కుండానే గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీల్లో 15వ స్థానం. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ 4వ స్థానం! శ్రద్ధ లేనివాడు అలా పైకి లేవగలడా? ఈ ఆటలో పైన ఉన్నవాళ్ల మధ్య తేడా చాలా తక్కువ. రెండు మూడు జంప్‌లు తప్పితే చాలు, పది స్థానాలు కిందికి పోతారు.

అపోహ: కింద పడటమే అన్నిటికన్నా పెద్ద తప్పు.

చూసేవాళ్లకి అలాగే అనిపిస్తుంది. కానీ లెక్క వేరు. ఇప్పటి నిబంధనల్లో ట్రిపుల్ యాక్సెల్ అనే జంప్ విలువ 8 పాయింట్లు. గాల్లో మూడున్నర చుట్లూ పూర్తిచేసి పడిపోతే నాణ్యత మార్కుల కింద ఆ విలువలో సగం, అంటే 4 పోతాయి. పడినందుకు ఇంకో 1 కోత. అయినా 3 మిగులుతాయి. అదే స్కేటర్ ఎగిరాక భయపడి చేతులు ముందే విప్పేస్తే ఒకటిన్నర చుట్టుతో దిగిపోతాడు. దీన్నే మేం 'పాప్' అంటాం. పడలేదు కాబట్టి ప్రేక్షకులు చప్పట్లు కొడతారు, చేతికొచ్చేది మాత్రం 1.1. పోటీలో ముందుగా చేసే చిన్న భాగం, షార్ట్ ప్రోగ్రామ్‌లో అయితే ఆ జంప్‌కి సున్నాయే. అందుకే నా పిల్లలకి చెబుతాను: పడితే పడండి, చేతులు మాత్రం విప్పకండి. శరీరానికి దగ్గరగా బిగించిన చేతులే చుట్టు వేగాన్ని నిలబెడతాయి. సెకను కూడా పట్టని ఆ గాల్లో ఉండే సమయంలో సందేహానికి చోటు లేదు.

అపోహ: చెక్ చిన్న దేశం, స్కేటింగ్ చరిత్ర ఏముంటుంది?

ఒలింపిక్స్‌లో తొలి క్వాడ్ జంప్ (గాల్లో నాలుగు చుట్లు) వేసింది ప్రాగ్‌లో పుట్టిన పీటర్ బార్నా. 1992లో ఆల్బర్ట్‌విల్‌లో, చెకోస్లొవేకియా తరఫున కాంస్యం కూడా గెలిచాడు. అయితే సొంత ఊళ్లోనే అన్నీ దొరకవు. వెర్నర్ జర్మనీలోని ఓబర్‌స్డార్ఫ్‌కి వెళ్లి మిఖాయెల్ హూత్ దగ్గర శిక్షణ తీసుకున్నాడు.

అపోహ: పతకం రాని ఏడాది వృథా.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. ప్రపంచ పోటీల్లో స్కేటర్లు తెచ్చే స్థానాన్ని బట్టే ఆ దేశానికి తర్వాత ఎన్ని బెర్తులో, అంటే ఎంతమందిని పంపొచ్చో తేలుతుంది. ఒక్కరే వెళ్లి టాప్ 10లో నిలిస్తే ఇద్దరికి అవకాశం. లాస్ ఏంజెలెస్‌లో వెర్నర్ తెచ్చిన 4వ స్థానానికి పతకం లేదు. కానీ 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌కి ఇద్దరు చెక్ కుర్రాళ్లు వెళ్లగలిగింది దాని బలంతోనే. అక్కడ వెర్నర్ 19వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. రెండో బెర్తులో వెళ్లిన మిఖాల్ బ్రెజీనాకి అప్పటికి 19 ఏళ్లే, 10వ స్థానం సాధించాడు. మరుసటి నెల టురిన్ ప్రపంచ పోటీల్లో 4వ స్థానం.

వెర్నర్ కూడా ఆగిపోలేదు. 2011లో బెర్న్‌లో యూరోపియన్ కాంస్యం గెలిచాడు. 2014లో సోచి ఒలింపిక్స్‌లో బ్రెజీనా 10, వెర్నర్ 11.