కోరింగ బురదను పైనుంచి చూస్తే

కాకినాడ దగ్గర కోరింగ అనగానే మనకు మడ అడవి, బోటు షికారు గుర్తొస్తాయి. చలికాలంలో వచ్చే వలస పక్షులకు మాత్రం ఆ అడవి ముందున్న బురదే అన్నం పెట్టేది. పాటులో నీళ్లు వెనక్కి తగ్గితే బయటపడే మెత్తటి నేలలో పురుగులూ చిన్న చిన్న గుల్లలూ ఏరుకుని తింటాయి, పోటు వచ్చిందంటే తిండి బంద్, ఏ ఇసుక దిబ్బ మీదకో పోయి నిలబడాల్సిందే. కాబట్టి పక్షులెన్ని వచ్చాయో లెక్కపెడితే చాలదు, ఆ బురద ఎంత మేర తేలుతోందో, ఎంతసేపు తేలి ఉంటోందో కూడా తెలియాలి.

పడవలోంచి చూస్తే అదంతా ఒక సన్నటి గీత. సెంటినెల్-2 ఉపగ్రహం తీసే ఫొటోలో ఒక్కో చుక్క 10 మీటర్ల నేల. అదే డ్రోన్ 100 మీటర్ల ఎత్తున ఎగిరితే మామూలు కెమెరాకే చుక్కకు దాదాపు 3 సెంటీమీటర్లు, అంటే బురదలో పాయలు ఎటు చీలాయో కూడా కనిపిస్తుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని, ఎరుపుకు అవతలి కాంతి) కెమెరా కూడా ఉంటే ఇంకా నయం: ఆ కాంతిని నీళ్లు పీల్చేసుకుంటాయి, పచ్చటి ఆకులు తిప్పికొడతాయి, కాబట్టి ఫొటోలో నీళ్లు నల్లగా, మడ మొక్కలు మెరుస్తూ విడివిడిగా తేలిపోతాయి.

తలనొప్పి పోటుపాట్లతోనే. ఈ నెల నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు, వచ్చే నెల సగం పోటులో ఫొటోలు తీసి పక్కపక్కన పెడితే, ఏమీ జరగకపోయినా బురద సగం మాయమైనట్టే ఉంటుంది. నీటిమట్టం ఒకేలా ఉన్న రోజూ వేళా చూసుకుని ఎగరేయాలి. పైగా వందల ఫొటోలను ఒకటిగా అతికించే సాఫ్ట్‌వేర్‌కు కదలని గుర్తులు కావాలి, కదిలే నీళ్ల మీద దానికి ఏమీ దొరకదు, నడినెత్తిన ఎండ ఉంటే తళతళలు అదనం.

పక్షుల గొడవ వేరే. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో డ్రోన్ రంగు, వేగం కన్నా నిట్టనిలువుగా మీదకు దిగడమే వాటిని ఎక్కువ బెదరగొట్టిందని తేలింది. మరి గద్ద వచ్చేదీ పైనుంచే కదా. అందుకే దూరంగా లేపి, ఎత్తు మార్చకుండా, దుక్కి దున్నినట్టు అటూ ఇటూ వరసలుగా పోవాలి. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా రీల్స్ కోసం గుంపు మీదకు దించేవాళ్లకు ఫైన్ ఒక్కటే తక్కువ శిక్షని నా అభిప్రాయం.

పోనీ డ్రోన్ లెక్క నమ్మొచ్చా? 2018లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బీచ్‌లో ప్లాస్టిక్ బాతులు పేర్చి, అసలు సంఖ్య ముందే తెలుసు కాబట్టి, రెండు పద్ధతుల్నీ పోల్చారు, నేల మీద నిలబడి లెక్కపెట్టినవాళ్ల కన్నా డ్రోన్ ఫొటోల లెక్కే నిజానికి దగ్గరగా వచ్చింది. అయితే అవన్నీ ఒకే రకం బాతులు. ఇక్కడ ఒకే దిబ్బ మీద టెర్న్, స్కిమ్మర్ అనే రెండు రకాల నీటిపక్షులు కలిసి కూర్చుంటాయి, స్కిమ్మర్‌ను పట్టిచ్చే నారింజ రంగు ముక్కు, పైదాని కన్నా పొడుగున్న కింది ముక్కు, పైనుంచి సరిగా కనపడవు. అది తేల్చడానికి బైనాక్యులర్స్ పట్టుకుని పడవలో ఒక మనిషి ఉండాల్సిందే.